చెన్నై, సింగపూర్ క్రూజ్: ఎప్పుడు బుక్ చేస్తే చవక? తిరుపతి, చిత్తూరు కుటుంబాలకు ఒక లెక్క

తిరుమల 300 రూపాయల దర్శనం టికెట్‌కు ధర ఒకటే. నెల 24న పొద్దున 10 గంటలకు కోటా వదిలితే ముందు దూరినవాళ్ళకు దొరుకుతుంది. మొదట కొన్నా చివర కొన్నా 300లే. క్రూజ్ (విహార ఓడ) గది సంగతి అలా కాదు. అది మార్కెట్ యార్డుకు దిగిన తోతాపురి కాయలాంటిది. పొద్దున ఒక రేటు, మధ్యాహ్నం ఇంకో రేటు, సాయంత్రానికి మిగిలితే ఎంతకో అంతకు వదిలించుకోవాలి. ఓడ కదిలాక ఖాళీ గదికి విలువ సున్నా. అందుకే చివరి వారాల్లో కంపెనీలు ధర తగ్గిస్తాయి.

ఇది విని చాలామంది 'చివర్లో కొందాంలే' అని కూర్చుంటారు. తిరకాసు అక్కడే ఉంది. చివరికి మిగిలేవి ఇద్దరు పట్టే గదులు. పిల్లలతో వెళ్ళే కుటుంబానికి కావాల్సింది నలుగురు పట్టే గది. ఓడలో అలాంటివి కొన్నే ఉంటాయి, సెలవుల తేదీల్లో అందరికన్నా ముందు అయిపోయేవీ అవే. పైగా ప్రమాదం వస్తే ఎక్కాల్సిన లైఫ్‌బోట్ల సామర్థ్యాన్ని బట్టి ఓడలో ఒక్కో భాగానికి ఇంతమందే అన్న పరిమితి ఉంటుంది. ఆ లెక్క నిండితే, గదిలో నాలుగు పడకలున్నా ముగ్గురో నలుగురో ఉండటానికి సిస్టమ్ ఒప్పుకోదు.

అంకెల్లో చూద్దాం. ఇవి ఉదాహరణకు వేసుకున్నవి, ఏ కంపెనీ రేట్లూ కావు. సింగపూర్ నుంచి 3 రాత్రుల ఓడ, ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు. ముందుగా కొంటే మొదటి ఇద్దరికి తలా 28,000, అదే గదిలో మూడో నాలుగో మనిషికి తలా 14,000, మొత్తం 84,000. చివర్లో ధర 30 శాతం పడిందనుకోండి, తలకు 19,600. కానీ నలుగురి గది లేదు కాబట్టి రెండు గదులు తీసుకోవాలి, నలుగురికీ పూర్తి రేటు: 78,400. అంత ఎదురుచూస్తే మిగిలింది 5,600. ఈలోపు చెన్నై నుంచి సింగపూర్ విమానం తలకు 8,000 పెరిగితే 32,000 అదనం. మొత్తం మీద 26,400 నష్టం. పైగా ఒక్కో గదిలో ఒక పెద్దమనిషి ఉండి తీరాలని కంపెనీలు పట్టుబడతాయి కాబట్టి అమ్మ ఒక గదిలో, నాన్న ఇంకో గదిలో.

కాబట్టి ధర ఎంత తగ్గుతుందని కాదు, మీకు కావాల్సిన గది ఎప్పటిదాకా ఉంటుందని చూడాలి.

ధర కదిలే తీరు

పెద్ద కంపెనీలు ఓడ బయల్దేరడానికి ఏడాదిన్నర, రెండేళ్ళ ముందే అమ్మకం మొదలుపెడతాయి. అప్పటి ధర అన్నిటికన్నా తక్కువని గ్యారంటీ ఏమీ లేదు, కానీ గదుల ఎంపిక మాత్రం అప్పుడే బాగుంటుంది. జనవరి నుంచి మార్చి దాకా నడిచేదాన్ని ఆ వ్యాపారంలో వేవ్ సీజన్ అంటారు. అప్పుడు డిపాజిట్ తగ్గించడం, మూడో నాలుగో మనిషికి ఉచితం, ఓడలో ఖర్చుపెట్టుకోవడానికి కొంత క్రెడిట్ లాంటి ఆఫర్లు ఎక్కువగా వస్తాయి. 'పిల్లలకు ఉచితం' అన్నచోట ఉచితమయ్యేది గది ఛార్జీ మాత్రమే, పోర్టు ఛార్జీలు, టిప్పులు పిల్లలకూ పడతాయి.

తర్వాత గుర్తుపెట్టుకోవాల్సిన రోజు పూర్తి సొమ్ము కట్టాల్సిన గడువు. చాలా కంపెనీలకు ఇది ప్రయాణానికి 75 నుంచి 90 రోజుల ముందు పడుతుంది, కొన్నిటికి 120 రోజులు. ఈ గడువు చుట్టూ రెండు సంగతులు జరుగుతాయి. గుంపుగా గదులు పట్టి పెట్టుకున్న ఏజెంట్లు అమ్ముడుపోనివి కంపెనీకి వెనక్కి ఇచ్చేస్తారు. మనసు మార్చుకున్నవాళ్ళు జరిమానా లేకుండా రద్దు చేసుకుంటారు. ఒక్కసారిగా గదులు వెనక్కి రావడంతో ధర కదులుతుంది. రోజూ చూడక్కర్లేదు, గడువుకు పది రోజుల ముందు, మూడు రోజుల ముందు, దాటిన వారానికి చూస్తే చాలు. మొదటి రెండూ బుక్ చేసినవాళ్ళకు, మూడోది ఇంకా చేయనివాళ్ళకు.

రీఫండ్ వచ్చే డిపాజిట్‌తో బుక్ చేసినవాళ్ళకు లాభం ఇక్కడే. అదే ఓడ, అదే తేదీ, అదే తరగతి గది తగ్గిన ధరకు కనిపిస్తే, గడువు లోపల ఏజెంట్‌కు ఆ స్క్రీన్‌షాట్ పంపి 'ఈ రేటుకు మార్చండి' అని అడగాలి. వాళ్ళంతట వాళ్ళు చేయరు. గడువు దాటితే డబ్బు వెనక్కి రాదు, మహా అయితే పై తరగతి గదో, కాస్త క్రెడిటో దక్కుతుంది. డిపాజిట్‌లో రెండు రకాలుంటాయి. వెనక్కి రానిది తీసుకుంటే గది కొంచెం చవక, కానీ ఈ మార్చుకునే వీలు చాలావరకు పోతుంది. పిల్లల పరీక్షల తేదీలు తేలనివాళ్ళు ఆ కొంచెం కోసం దాని జోలికి పోకపోవడమే మంచిది.

సెలవుల లెక్క మనది వేరు, సింగపూర్‌ది వేరు

సింగపూర్ ఓడల్లో సగం ధర నిర్ణయించేది అక్కడి బడి సెలవులు. వాళ్ళకు పెద్ద సెలవులు మే చివరి నుంచి జూన్ చివరి దాకా, మళ్ళీ నవంబర్ మధ్య నుంచి డిసెంబర్ చివరి దాకా. మన పిల్లలకు ఏప్రిల్ చివర్లోనే బడి మూసేస్తారు. అంటే మే మొదటి మూడు వారాలు మనకు సెలవులు, వాళ్ళకు బడి. ఓడ ధర మే చివరి వారం కన్నా ఆ మూడు వారాల్లో సాధారణంగా నయం. కానీ మేలో మన దేశం నుంచే జనం సింగపూర్‌కు ఎగబడతారు కాబట్టి విమానం ఖరీదు ఎక్కువ, ఆ టికెట్ త్వరగా పట్టాలి.

దసరా అయితే ఇంకా మేలు, అక్కడ అప్పుడు బడులు నడుస్తుంటాయి. ఒక్కటే చిక్కు, నవరాత్రి బ్రహ్మోత్సవాలు. ఊరంతా యాత్రికులే. తిరుపతి నుంచి చెన్నైకి రైలు సీటు 60 రోజుల ముందు రిజర్వేషన్ తెరిచినప్పుడే చేసుకోకపోతే చివర్లో ట్యాక్సీకి చేతి చమురు వదులుతుంది. సంక్రాంతి వారం క్రిస్మస్ వారం కన్నా చవగ్గా ఉంటుంది. చైనీస్ కొత్త సంవత్సరం ఆ పక్కనే పడిందేమో చూసుకోండి, ఏటా జనవరి 21 నుంచి ఫిబ్రవరి 20 లోపల ఎప్పుడో వస్తుంది.

ఏ నెలైనా శుక్రవారం బయల్దేరే ఓడ కన్నా ఆదివారమో బుధవారమో బయల్దేరేది తక్కువకు దొరికే అవకాశం ఎక్కువ. మే నుంచి అక్టోబర్ దాకా థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ వైపు అలల తాకిడి ఉంటుంది. ఓడ నుంచి ఒడ్డుకు చిన్న పడవల్లో దింపేచోట అలలు పెద్దవైతే దింపకుండానే వెళ్ళిపోతారు. మలక్కా జలసంధిలో సాగే మలేషియాలోని పెనాంగ్ దారికి ఆ బెడద తక్కువ.

చెన్నై ఓడకు వేరే పద్ధతి

కోర్డీలియా కంపెనీ ఓడ చెన్నై నుంచి 2022 జూన్‌లో మొదలైంది. నైరుతి రుతుపవనాల్లో అరేబియా సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది కాబట్టి ఆ కాలంలో ముంబై వైపు నుంచి ఓడను ఇటు తెస్తారు. శ్రీలంక, విశాఖ, పుదుచ్చేరి దారుల్లో తిప్పారు. దారులు ఏటా మారతాయి, ఆ ఏటి షెడ్యూల్ చూసుకోవాలి.

చివర్లో కొనడం నిజంగా పనికొచ్చేది ఇక్కడే. విమానం అక్కర్లేదు. మన దేశంలోనే తిరిగే ట్రిప్పుకు పాస్‌పోర్టూ అక్కర్లేదు, ఆధార్ సరిపోతుంది. తిరుపతి నుంచి పుత్తూరు, నగరి మీదుగా, చిత్తూరు నుంచి రాణిపేట మీదుగా మూడున్నర నాలుగు గంటల్లో చెన్నై చేరతాం. పైగా అప్పటికి మన బడులు తెరిచి ఉంటాయి కాబట్టి వారం మధ్యలో ఖాళీలు ఎక్కువ. రిటైరైనవాళ్ళు, కొత్తగా పెళ్ళైనవాళ్ళు మూడు వారాల ముందు నుంచి వారం ముందు దాకా చూస్తూ ఉండవచ్చు. ముందే ఒక అంకె అనుకోండి: 'ఇంతకు వస్తే తీసుకుంటాం, లేకపోతే వచ్చే నెల.' ఆ అంకె లేకపోతే ఇంకా తగ్గుతుందేమో అన్న ఆశతో దొరికినదీ పోతుంది. ఆగస్టు 15, వినాయక చవితి లాంటివి వారాంతంతో కలిసి వస్తే ఈ ఆట ఆడొద్దు.

ఆ ఓడను ముంబైకీ చెన్నైకీ మధ్య మార్చేటప్పుడు ఒంటిదారి ట్రిప్పులు అమ్మకానికి వస్తే చూడండి, రాత్రికి పడే ఖర్చు అలాంటివాటిలో తక్కువగా ఉంటుంది. తిరుగు రైలో విమానమో కలిపాకే చవకో కాదో తేల్చండి.

గది నంబరు కంపెనీయే ఇచ్చే పద్ధతిలో బుక్ చేస్తే ఇంకొంచెం తగ్గుతుంది. ఇద్దరికి పరవాలేదు. బస్సులో ఘాట్ రోడ్డు ఎక్కితేనే కడుపులో తిప్పేవాళ్ళు మాత్రం ఓడ మధ్యలో, కింది అంతస్తులో గది నంబరు చూసి తీసుకోవాలి. ముందు కొసన, పై అంతస్తుల్లో ఊపు ఎక్కువ.

సింగపూర్ వెళ్ళే కుటుంబానికి పనుల వరుస

ప్రయాణానికి 8 నుంచి 10 నెలల ముందు పాస్‌పోర్ట్‌లు తీసి చూడండి. తిరిగొచ్చే తేదీ తర్వాత ఇంకా 6 నెలలు చెల్లుబాటు ఉండాలి. పిల్లల పాస్‌పోర్ట్ 5 ఏళ్ళకే అయిపోతుంది, ఎక్కువమంది తడబడేది అక్కడే. తిరుపతిలోనే పాస్‌పోర్ట్ సేవా కేంద్రం ఉంది. పెద్దలకు 36 పేజీలది మామూలుగా 1,500, తత్కాల్ అయితే ఇంకో 2,000. తత్కాల్‌కు పోసే ఆ డబ్బు క్రూజ్ ధరలో తగ్గించుకున్నదాన్ని తినేస్తుంది.

గదిని 6 నుంచి 9 నెలల ముందు, రీఫండ్ వచ్చే డిపాజిట్‌తో పట్టండి. పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే ఇవ్వాలి, ఆధార్‌లో ఉన్నట్టు ఇంటిపేరు పొడి అక్షరంతో కాదు. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్ళు మన వైపు చాలామంది. ఎలా నింపాలో బుక్ చేసేరోజే కంపెనీని అడిగి రాతపూర్వకంగా తీసుకోండి.

డిపాజిట్ కట్టేముందు ఏజెంట్‌ను అడగాల్సింది 'ఎంత?' అని కాదు, 'అన్నీ కలిపి ఎంత?' అని. ప్రకటనలో పెద్దక్షరాల్లో వేసేది గదిలో ఇద్దరుంటే తలకు పడే ఛార్జీ. పై ఉదాహరణలోని 84,000కు పోర్టు ఛార్జీలు తలకు 5,000 చొప్పున 20,000, టిప్పులు తలకు రాత్రికి 1,500 చొప్పున 18,000 కలిపితే 1,22,000. ఇక ఒంటరిగా వెళ్ళేవాళ్ళకు గది ఛార్జీ దాదాపు ఇద్దరిది పడుతుంది. విదేశీ ప్యాకేజీ మీద వసూలు చేసే టీసీఎస్ (అమ్మేవాళ్ళే ముందుగా పట్టుకునే ఆదాయపు పన్ను) ఖర్చు కాదు, పాన్ నంబరు సరిగ్గా ఇస్తే రిటర్న్ వేసేటప్పుడు తిరిగి లెక్కలోకి వస్తుంది. కంపెనీ వెబ్‌సైట్‌లో విదేశీ డబ్బుల్లో కార్డుతో కడితే బ్యాంకు తీసుకునే మార్కప్ మామూలుగా 2 నుంచి 3.5 శాతం, దాని మీద జీఎస్టీ. అది కలిపి చూస్తే రూపాయల్లో కట్టించుకునే ఏజెంటే కొన్నిసార్లు చవక.

విమానం టికెట్ ఓడకు పూర్తి సొమ్ము కట్టే గడువుకు కాస్త అటూ ఇటూగా, ఓడ ఖాయమని మీకు మీరు తేల్చుకున్నాక కొనండి. ముందే రీఫండ్ లేని విమానం కొనేస్తే ఓడ తేదీ మార్చుకునే దారి మూసుకుపోయినట్టే. ఓడ ఎక్కాల్సిన రోజు ఉదయం దిగే విమానం వద్దు, ముందు రోజే చేరాలి. విమానం ఆలస్యమైందని ఓడ ఆగదు, కట్టిన డబ్బూ వెనక్కి రాదు.

వీసా దగ్గర ఒక ఇరకాటం ఉంది. సింగపూర్ వీసాకు సాధారణంగా ప్రయాణానికి నెలరోజుల లోపే దరఖాస్తు చేస్తారు. అంటే ఓడకు పూర్తి సొమ్ము కట్టేసిన తర్వాతే వీసా సంగతి తేలుతుంది. అందుకని బీమా తీసుకునేటప్పుడు వీసా తిరస్కరిస్తే రద్దు ఖర్చు ఇస్తారా లేదా అన్న షరతు చదవాలి, అన్ని పాలసీల్లో అది ఉండదు. ఓడ మలేషియా, థాయ్‌లాండ్ రేవుల్లో ఆగి మళ్ళీ సింగపూర్‌కే వస్తుంది కాబట్టి వీసా ఒకటి కన్నా ఎక్కువసార్లు అడుగుపెట్టడానికి వీలిచ్చేదై ఉండాలి. అది చేతికి రాగానే మొదట చూడాల్సిన గడి అదే.