టెన్త్ అయ్యాక గ్రూపు ఎలా ఎంచుకోవాలి? ముందు డిగ్రీ చూడు

టెన్త్ పరీక్షలు అయిపోతే చాలు, అనంతపురంలో కాలేజీల పీఆర్వోలు ఇంటింటికీ వచ్చి కూర్చుంటారు, ఇప్పుడే సీటు రాయించుకుంటే ఫీజు తగ్గిస్తామంటారు. మీ నాన్న అడ్వాన్సు ఇచ్చేముందే ఒక కాగితం తీసుకుని ఇంటర్ తర్వాత నీకు నచ్చే డిగ్రీలు మూడు రాయి. ఒక్కోదానికి ఇంటర్లో ఏ సబ్జెక్టులు ఉండాలంటారో పక్కన రాయి. గ్రూపు దాన్నిబట్టే తేలాలి.

ఎంబీబీఎస్ కావాలంటే నీట్ ప్రవేశ పరీక్ష రాయాలి కాబట్టి బైపీసీ (బయాలజీ, ఫిజిక్స్, కెమిస్ట్రీ), బీటెక్ అయితే ఎంపీసీ (లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ), ఇంతవరకు అందరికీ తెలుసు. బీఫార్మసీకి ఈ రెండు గ్రూపుల వాళ్ళూ వెళ్లొచ్చు. ఐదేళ్ళ లా కోర్సుకైతే ఏ గ్రూపైనా సరే.

అన్నిటికంటే ఎక్కువ ఆలోచించాల్సింది లెక్కలు వదిలేసేటప్పుడు. ఢిల్లీ యూనివర్సిటీలో బీఏ ఎకనామిక్స్ ఆనర్స్‌కి లెక్కలు కావాలి, ఆర్కిటెక్చర్‌కి కావాలి, ఎన్డీఏ (సైనిక దళాల్లో అధికారులుగా చేరడానికి ఇంటర్ తర్వాత రాసే పరీక్ష) ద్వారా ఎయిర్‌ఫోర్స్, నేవీకి వెళ్లాలన్నా ఫిజిక్స్, కెమిస్ట్రీ, లెక్కలు మూడూ ఉండాలి. అందుకే కామర్స్ వైపు వెళ్లాలని ఉండి, లెక్కలంటే మరీ భయం లేకపోతే సీఈసీ (సివిక్స్, ఎకనామిక్స్, కామర్స్) కంటే ఎంఈసీ (లెక్కలు, ఎకనామిక్స్, కామర్స్) మేలని నా గట్టి అభిప్రాయం. భయం ఉందో లేదో తేల్చుకోవడం కష్టమేం కాదు. సీనియర్ల దగ్గర ఇంటర్ మొదటి సంవత్సరం లెక్కల పుస్తకం అడిగి తెచ్చుకుని, త్రికోణమితి పాఠం తీసి, చేసి చూపించిన లెక్కను చేత్తో మూసేసి నువ్వే చేసి చూడు. తప్పు వచ్చినా ఇంకోసారి చెయ్యాలనిపిస్తే తీసుకో. పుస్తకం మూసేయాలనిపిస్తే, పక్కింటి అబ్బాయి తీసుకున్నాడని మాత్రం రెండేళ్ళు ఆ టెన్షన్ పడొద్దు.

బైపీసీ తీసుకుని నీట్ రాకపోతే జీవితం పోయినట్టు మాట్లాడేవాళ్ళను చూస్తే బాధేస్తుంది. మహానందిలో వ్యవసాయ కాలేజీ ఉంది. చెనిక్కాయ పొలాల మధ్య పెరిగిన పిల్లలకు బీఎస్సీ అగ్రికల్చర్ రెండో రకం చదువు కానే కాదు, మొదటి కోరికగానే రాసుకోవచ్చు.

టెన్త్‌లో మంచి మార్కులొస్తే ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీకి తప్పకుండా దరఖాస్తు పెట్టు. అక్కడ టెన్త్ మార్కుల మీదే సీటు, ఇంటర్‌తో సమానమైన రెండేళ్ళు, బీటెక్ నాలుగేళ్ళు కలిపి ఆరేళ్ళు ఒకేచోట. కాకపోతే లెక్కలు, ఫిజిక్స్ దారిలోకి వెళ్తున్నావని తెలిసే చేరాలి. పాలిటెక్నిక్ చేసినా ఈసెట్ (డిప్లొమా చేసినవాళ్ళకుండే ప్రవేశ పరీక్ష) రాసి నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరొచ్చు.

అనంతపురంలోని సెంట్రల్ యూనివర్సిటీలో డిగ్రీ సీట్లు సీయూఈటీ (సెంట్రల్ యూనివర్సిటీల ఉమ్మడి ప్రవేశ పరీక్ష) ద్వారా ఇస్తారు, ఏ కోర్సుకి ఏ పేపర్లు రాయాలో వాళ్ళ వెబ్‌సైట్లోనే ఉంటుంది, ఇప్పుడే చూసి ఆ కాగితం మీద రాసుకో. ఎంఈసీ అనుకుంటే ఇంకో సంగతి, చాలా కాలేజీల్లో ఆ గ్రూపే ఉండదు. ఉందని చెప్పినా, పోయినేడు ఎంతమంది చేరారో, లెక్కల లెక్చరర్ ఎవరో అడిగి తెలుసుకున్నాకే ఫీజు కట్టండి.