కాపీరైట్ నమోదుకు దరఖాస్తు: రచయితలు, స్వరకర్తలు, చిత్రకారులు తెలుసుకోవలసిన విధానం

కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం పాటైనా, బొమ్మైనా, నాటకమైనా కాగితం మీదనో మరో రూపంలోనో ఏర్పడిన క్షణం నుంచే దానిపై హక్కు ఉంటుంది కాబట్టి, నమోదు చేయించకపోతే హక్కే లేదన్న ప్రచారాన్ని నమ్మనవసరం లేదు. అయితే వివాదం కోర్టుకు వెళ్లినప్పుడు కాపీరైట్ రిజిస్టరులోని వివరాలను 48వ సెక్షన్ కింద ప్రాథమిక సాక్ష్యంగా, అంటే తప్పని ఎవరైనా రుజువు చేసేదాకా నిజమని భావించే సాక్ష్యంగా, స్వీకరిస్తారు. తన రాతప్రతిని తనకే రిజిస్టర్డ్ పోస్టులో పంపుకొని కవరు విప్పకుండా దాచుకునే పాత అలవాటుకు గానీ, రచయితల సంఘంలో కథను నమోదు చేయించడానికి గానీ ఈ బలం లేదు.

ఒక దరఖాస్తు ఒక్క కృతికే, అంటే ఒక్క రచనకో, బాణీకో, బొమ్మకో మాత్రమే చెల్లుతుంది. సినిమా పాటను ఒకే వస్తువుగా చూడటం మనకు అలవాటు గానీ, చట్టం అందులో మూడు కృతులను చూస్తుంది: సాహిత్యానికి కర్త గీత రచయిత, బాణీకి కర్త స్వరకర్త, రికార్డింగుకు కర్త దాని నిర్మాత. గాయకుడికి ఉన్నవి ప్రదర్శకుడి హక్కులు, అవి వేరు. సాహిత్య, నాటక, సంగీత, చిత్రకళా కృతులకు రుసుము ఒక్కోదానికి 500 రూపాయలు కాగా, సరుకుల మీద వాడే బొమ్మకు, సౌండ్ రికార్డింగుకు 2,000, సినిమాకు 5,000 రూపాయలు చెల్లించాలి.

కాపీరైట్ కార్యాలయ వెబ్‌సైటులో ఖాతా తెరిచి 14వ నంబరు ఫారాన్ని, దానికి జతగా ఉండే వివరాల పట్టికలను నింపి, సంతకాన్ని, కృతి ప్రతిని జతపరచి, రుసుము కడితే డైరీ నంబరు, అంటే దరఖాస్తును గుర్తించే సంఖ్య, వస్తుంది. న్యాయవాది ద్వారా పంపేవారు వకాల్తా కూడా జతచేయాలి.

పట్టికలో పొరపాటుకు ఎక్కువ ఆస్కారమున్న గడి, కృతి ప్రచురితమా అప్రచురితమా అని అడిగేది. పుస్తకంగా అచ్చు కాలేదు కదా అని చాలామంది ‘అప్రచురితం’ అని రాసేస్తారు. ప్రజలకు అందుబాటులోకి తేవడమే ప్రచురణ అని చట్టం చెబుతున్నందున, పాటను ముందే యూట్యూబులో పెట్టి ఉంటే అది ప్రచురితమే, కనుక మొదట ప్రచురించిన సంవత్సరాన్ని, దేశాన్ని కూడా రాయాలి.

దరఖాస్తుదారు వేరు, కర్త వేరు అయిన చోట కర్త సంతకంతో నిరభ్యంతర పత్రం గానీ, హక్కులు బదలాయించిన ఒప్పందం గానీ ఉండాలి. నోటిమాటగా ఇచ్చిన బదలాయింపు చెల్లదు. అది రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఒప్పందంలో గడువు రాయకపోతే చట్టం దాన్ని అయిదేళ్లుగా లెక్కిస్తుందన్న సంగతి గీత రచయితలు గుర్తుపెట్టుకోదగినది. కృతిపై హక్కు తమదనే వారు, మీ హక్కును కాదనే వారు ఎవరైనా ఉంటే వారికి దరఖాస్తు గురించి నోటీసు పంపాల్సిన బాధ్యత కూడా దరఖాస్తుదారుదే.

డైరీ నంబరు వచ్చాక అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగుతారు. ఎవరూ అడ్డుచెప్పకపోతే పరిశీలకుడు ఫైలు చూస్తాడు. ఎవరైనా అడ్డుచెబితే ఇరుపక్షాల వాదన వింటారు. లోపాలపై వచ్చే లేఖకు అందులో పేర్కొన్న గడువులోగా జవాబివ్వాలి కాబట్టి, ఫారంలో రాసిన ఈమెయిలును తరచూ చూసుకోవడం అవసరం. నెట్ సెంటరువాళ్లు తమ ఈమెయిలునే రాసి పంపితే ఆ లేఖ మీదాకా రాదు.

సరుకుల మీద వాడే బొమ్మలది వేరే దారి. సీసా మీది లేబులు వంటి వాటికి, అదే గుర్తును గానీ పోలిన గుర్తును గానీ ఇతరులెవరూ ట్రేడ్‌మార్కుగా నమోదు చేయించలేదని ట్రేడ్‌మార్క్స్ రిజిస్ట్రీ ఇచ్చే ధ్రువపత్రం ముందుగా తెచ్చుకోవాలి. చీరల మీదికి ఎక్కించే డిజైన్ల విషయంలో కాపీరైట్ చట్టం 15వ సెక్షన్ మరింత కఠినమైనది. శ్రీకాళహస్తిలో కలంతో గీసిన నెమలి బొమ్మ కళాఖండంగా కాపీరైట్ పరిధిలోకి వస్తుంది. కానీ డిజైన్ల చట్టం, 2000 కింద నమోదుకు వీలుండీ నమోదు చేయించని డిజైనును, యజమాని గానీ ఆయన అనుమతి పొందినవారు గానీ పారిశ్రామిక పద్ధతిలో 50 సార్లకు మించి ఉత్పత్తి చేయగానే అందులో కాపీరైట్ పోతుంది. మిల్లుకు డిజైను ఇచ్చే ఆలోచన ఉన్న చిత్రకారుడు దాన్ని ఎక్కడా బయటపెట్టకముందే డిజైన్ల చట్టం కింద దరఖాస్తు చేసుకోవాలి, ఎందుకంటే అప్పటికే బహిర్గతమైన డిజైనును అక్కడ కొత్తదిగా పరిగణించరు.