పాత కత్తికి చింతపండు పెట్టకండి

చిత్తూరులో మా పెదనాన్న గారింట్లో ఏటా ఆయుధపూజకి అటక మీంచి దించి పసుపు కుంకుమ పెట్టే కత్తి ఒకటుంది. పాలెగాళ్ల కాలం నాటిదని ఇంట్లో అందరి నమ్మకం. ఓసారి నేను ఇత్తడి బిందె తోమినట్టు చింతపండు, ఇసుకకాగితం పట్టుకెళ్లి కూర్చున్నా. జానెడు మేర మెరిసింది గానీ, వయసు చెప్పే ఆనవాళ్లు కూడా దాంతోపాటే పోయాయి. పెదనాన్న ఇప్పటికీ దెప్పుతారు.

అందుకే తోమకముందే వయసు ఆనవాళ్లు వెతకండి. ముందు పిడి చూడండి. చివర గుండ్రటి బిళ్ల ఉంటే చాలామటుకు తల్వార్ అనే వంపు కత్తి రకం. వీటిలో అలుగుని, అంటే కోసే పదును భాగాన్ని, పిడిలోకి దించి లక్కలాంటి బంకతో బిగించేవారు. బంక వదిలితే అదే పిడికి వేరే అలుగు తొడిగేవారు. కాబట్టి పిడి పాతదైతే అలుగూ అంతే పాతదని అనుకోవద్దు.

తర్వాత అలుగుని ఏటవాలు వెలుతురులో, భూతద్దంతో, పిడి దగ్గర నుంచి మొదలుపెట్టి చూడండి. నీటి అలల్లాంటి సన్నటి గీతలుంటే అది వూట్జ్ ఉక్కు, అంటే మన దేశంలో మూసలో కరిగించి చేసిన పాతకాలపు మేలురకం ఉక్కు కావచ్చు. నేను గీకేసింది బహుశా అదే! కిరీటం కింద ఇంగ్లిషులో వి, ఆర్ అక్షరాలుంటే విక్టోరియా రాణి కాలం, అంటే 1837–1901. అదే ‘మేడ్ ఇన్ ఇండియా’ అని ఉంటే టెన్షన్ అక్కర్లేదు, చాలామటుకు షోకేసు కోసం చేసిన సరుకే.

శుభ్రానికి మెత్తటి గుడ్డ, కాస్త మెషిన్ ఆయిల్ చాలు. అన్నట్టు, 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన కత్తి పురావస్తువే. అమెరికాలో ఉన్న అబ్బాయికి పంపేద్దామంటే కుదరదు.