టెర్మినల్ మార్చినా పాతదే వస్తోందా? ముందు ఏ తోవలో తెరిచారో చూసుకోండి

లైనక్స్‌లో కొత్త టెర్మినల్, అంటే కమాండ్లు కొట్టుకునే విండో, దించుకున్నారు, డిఫాల్ట్‌గా పెట్టేసుకున్నారు, తీరా కంట్రోల్ ఆల్ట్ టీ నొక్కితే మళ్ళీ ఆ పాతదే వచ్చి కూర్చుంది. లేదంటే కీ నొక్కితే కొత్తది వస్తోంది గాని ఫోల్డర్‌లో రైట్ క్లిక్ కొడితే పాతదొస్తోంది. మా విజయనగరంలో ఇంజినీరింగ్ కుర్రోళ్ళు ల్యాప్‌టాప్ చంకన పెట్టుకొచ్చి "మార్చేసేను మాస్టారూ, మారట్లేదు, ఏటో మరి" అనేది దీని గురించే.

విషయమేటంటే లైనక్స్ డెస్క్‌టాప్‌లో డిఫాల్ట్ టెర్మినల్ ఇదీ అని ఒకే ఒక్క చోట రాసుండదు. కీబోర్డ్ షార్ట్‌కట్ ఒక చోట చూసుకుంటాది, ఫైల్ మేనేజర్ ఇంకోచోట, మెనూలోంచి టెర్మినల్‌లో తెరుచుకునే ప్రోగ్రాములు మరోచోట. ఆధార్‌లో అడ్రస్ మార్చేసి రేషన్ కార్డులో కూడా అదే మారిపోద్దిలే అనుకుంటే ఎలగుంటాదో ఇదీ అలాగే. అందుకని సెట్టింగ్స్‌లో పడి కనబడిందల్లా నొక్కేకన్నా, పాతది ఎక్కడ నొక్కితే వస్తోందో చూసి ఆ ఒక్క చోటే సరిచేసుకుంటే సరిపోద్ది.

ఇంకోటి, కమాండ్లు శ్రీకాకుళం వైపు నుంచి ఫోన్ చేసేవాళ్ళకి చదివి చెప్పినట్టే తెలుగులో రాస్తున్నా, మీరు ఇంగ్లీష్ చిన్నక్షరాల్లో కొట్టుకోవాలి, చుక్కలూ గీతలూ ఎక్కడున్నవి అక్కడే ఉంచాలి.

సమస్య: కంట్రోల్ ఆల్ట్ టీ నొక్కితే పాతదే వస్తోంది

మీ లైనక్స్ ఉబుంటు రకం, అందులో 24.04 గాని అంతకు ముందుది గాని అయితే ఆ కీ నొక్కగానే సిస్టమ్ ఎక్స్-టెర్మినల్-ఎమ్యులేటర్ అనే పేరుని పిలుస్తాది. ఆ పేరుతో నిజానికి ప్రోగ్రామ్ ఏదీ లేదు, అదొక లింకు, అది ఎటు చూపిస్తే అది తెరుచుకుంటాది. ఎటు చూపించాలో మార్చడానికి:

సుడో అప్‌డేట్-ఆల్టర్నేటివ్స్ --కాన్ఫిగ్ ఎక్స్-టెర్మినల్-ఎమ్యులేటర్

ఇది కొడితే నెంబర్లతో లిస్టొస్తాది, ఇప్పుడున్నదాని పక్కన నక్షత్రం గుర్తుంటాది, మీకు కావలసిన నెంబర్ కొట్టి ఎంటర్ నొక్కండి, అంతే, రీస్టార్ట్ కూడా అక్కర్లేదు. లిస్టులో గ్నోమ్-టెర్మినల్ (ఉబుంటుతోపాటు వచ్చే పాతది) పేరు చివర రేపర్ అని ఉంటాది, అది చూసి కంగారు పడకండి, అదే అసలుది, ఎందుకలా ఉందో కింద చెప్తాను.

దీనికి ఉల్టా కేసు కూడా ఉంది. "నేనేటీ మార్చలేదు, టెర్మినేటర్ అనే ఇంకో టెర్మినల్ ఇన్‌స్టాల్ చేసేనంతే, ఇప్పుడు కీ నొక్కితే అదే వస్తోంది" అంటారు. లిస్టులో ప్రతి టెర్మినల్‌కీ ఒక ప్రయారిటీ నెంబర్ ఉంటాది, ఆటో మోడ్‌లో ఉన్నంతసేపూ ఏది పెద్ద నెంబరైతే దానికే కుర్చీ, కొత్తగా వచ్చినోడి నెంబర్ పెద్దదైతే మిమ్మల్ని అడక్కుండానే ఎక్కి కూర్చుంటాడు. పై కమాండ్‌తోనే మీకు నచ్చింది ఎంచుకుంటే మాన్యువల్ మోడ్‌లోకి వెళ్ళిపోద్ది, ఆ తర్వాత ఎవరొచ్చినా కదపలేరు.

సమస్య: అసలు లిస్టులోనే నా టెర్మినల్ లేదు

ఉబుంటు సొంత ఇన్‌స్టాలర్ ఏప్ట్‌తో దించినవి వాటంతటవే లిస్టులో చేరతాయి. వెబ్‌సైట్ నుంచి నేరుగా దించుకున్నవి, యాప్‌ఇమేజ్‌లు, ఫ్లాట్‌ప్యాక్‌లు లాంటి విడి ప్యాకింగులు చేరవు. కిట్టీ అనే టెర్మినల్‌ని వాళ్ళ సొంత ఇన్‌స్టాలర్‌తో దించితే అది మీ హోమ్ ఫోల్డర్‌లో కూర్చుంటాది, సిస్టమ్‌కి దాని ఊసే తెలీదు. అప్పుడు మనమే చేర్పించాలి: అదే అప్‌డేట్-ఆల్టర్నేటివ్స్ పక్కన --ఇన్‌స్టాల్ పెట్టి, వరసగా /యూఎస్ఆర్/బిన్/ఎక్స్-టెర్మినల్-ఎమ్యులేటర్ అనే లింకు దారి, తర్వాత ఎక్స్-టెర్మినల్-ఎమ్యులేటర్ అనే పేరు, తర్వాత మీ ప్రోగ్రామ్ ఉన్న పూర్తి దారి, ఆఖర్న 50 లాంటి ప్రయారిటీ నెంబర్. చేర్పించాక మళ్ళీ --కాన్ఫిగ్‌తో ఎంచుకోవడమే. తర్వాతెప్పుడో ఆ ఫోల్డర్ డిలీట్ చేసేస్తే మాత్రం లింకు గాల్లో ఉండిపోద్ది, కీ నొక్కినా ఏమీ రాదు, అది గుర్తుంచుకోండి.

సమస్య: లింకు మార్చేను, లిస్టులో సరిగానే ఉంది, అయినా కీ వినట్లేదు

ఇక్కడ రెండు కారణాలు. మొదటిది, ఉబుంటు డెస్క్‌టాప్ అయిన గ్నోమ్‌కి సొంత సెట్టింగ్ ఒకటుంది, ఎప్పుడో ఎవరో అందులో వేరే పేరు రాసేసి ఉండొచ్చు. చూడ్డానికి:

జీసెట్టింగ్స్ గెట్ ఆర్గ్.గ్నోమ్.డెస్క్‌టాప్.డిఫాల్ట్-అప్లికేషన్స్.టెర్మినల్ ఎగ్జెక్

ఎక్స్-టెర్మినల్-ఎమ్యులేటర్ కాకుండా ఇంకేదైనా పేరొస్తే తగువు అక్కడే, గెట్ తీసి రీసెట్ పెట్టి కొట్టండి.

రెండోది, మీది కొత్త ఉబుంటు అయ్యుంటాది. 24.04 తర్వాత ఉబుంటు ఈ పద్ధతే మార్చేసింది, 25.10లో అయితే గ్నోమ్ టెర్మినల్ ప్లేసులో టిక్సిస్ అనేదాన్ని డిఫాల్ట్‌గా పెట్టేరు, ఫెడోరా అనే ఇంకో లైనక్స్ అయితే వర్క్‌స్టేషన్ 41 నుంచే దానికి మారిపోయింది. ఈ కొత్త వాటిలో కీ వెళ్ళి ఎక్స్‌డీజీ-టెర్మినల్-ఎగ్జెక్ అనేదాన్ని అడుగుతాది, పాత లింకుని పట్టించుకోదు. పాత సలహాలు చదివి అప్‌డేట్-ఆల్టర్నేటివ్స్ ఎన్నిసార్లు కొట్టినా లాభం లేనిది అందుకే. దీనికి హోమ్ ఫోల్డర్‌లో దాగుండే .కాన్ఫిగ్ లోపల ఉబుంటు-ఎక్స్‌డీజీ-టెర్మినల్స్.లిస్ట్ అని ఒక టెక్స్ట్ ఫైల్ చేసి, మొదటి లైన్లో మీ టెర్మినల్ డెస్క్‌టాప్ ఫైల్ పేరు రాయాలి, కిట్టీ అయితే కిట్టీ.డెస్క్‌టాప్. ఆ పేర్లు /యూఎస్ఆర్/షేర్/అప్లికేషన్స్ ఫోల్డర్‌లో ఉంటాయి, ఉన్నది ఉన్నట్టు రాయండి. ఇదంతా ఏటి గొడవ అనుకుంటే సెట్టింగ్స్‌లో కీబోర్డ్ షార్ట్‌కట్స్‌కి వెళ్ళి, లాంచ్ టెర్మినల్ అన్నదాన్ని తీసేసి, అదే కీతో కస్టమ్ షార్ట్‌కట్ ఒకటి పెట్టి నేరుగా మీ టెర్మినల్ పేరు రాసీండి. నాకైతే ఇదే సుఖం, ఏ వెర్షన్ అయినా పని చేస్తాది.

సమస్య: ఫోల్డర్‌లో రైట్ క్లిక్ కొడితే పాతది

గ్నోమ్ టెర్మినల్ ఉన్న ఉబుంటులో ఫైల్స్ యాప్‌లో (దాని అసలు పేరు నాటిలస్) రైట్ క్లిక్ మెనూలో వచ్చే ఓపెన్ ఇన్ టెర్మినల్ అన్నది ఫైల్స్ సొంతం కాదు, గ్నోమ్ టెర్మినల్ తనతోపాటు తెచ్చి తగిలించిన ఎక్స్‌టెన్షన్. అది తన యజమానినే తెరుస్తాది గాని మీ డిఫాల్ట్‌తో దానికి పనిలేదు. నాటిలస్-ఓపెన్-ఎనీ-టెర్మినల్ అనే ఎక్స్‌టెన్షన్ వేసుకుని అందులో మీ టెర్మినల్ పేరు పెట్టుకోండి, తర్వాత నాటిలస్ -క్యూ అని కొట్టి ఫైల్స్ మూసి మళ్ళీ తెరవండి. ఇప్పుడు మెనూలో రెండు లైన్లు కనిపిస్తే పాతదైన నాటిలస్-ఎక్స్‌టెన్షన్-గ్నోమ్-టెర్మినల్ ప్యాకేజీ తీసేయొచ్చు, దాంతో గ్నోమ్ టెర్మినల్‌కేమీ అవ్వదు.

మింట్ అనే లైనక్స్ గాని ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలిక డెస్క్‌టాప్ గాని వాడేవాళ్ళకి ఈ తిప్పలు లేవు. మింట్ సినమన్‌లో ప్రిఫర్డ్ అప్లికేషన్స్‌లో టెర్మినల్ మార్చితే ఫైల్ మేనేజర్ నీమో కూడా అదే చూసుకుంటాది. ఎక్స్‌ఎఫ్‌సీఈలో డిఫాల్ట్ అప్లికేషన్స్, యుటిలిటీస్ ట్యాబ్. నెట్ సెంటర్లలో పాత సిస్టమ్స్ మీద ఇదే ఎక్కువ వేస్తాం, దాని ఫైల్ మేనేజర్ తునార్‌లో ఓపెన్ టెర్మినల్ హియర్ కూడా ఆ సెట్టింగ్‌నే అనుసరిస్తాది, ఎవరైనా కస్టమ్ యాక్షన్స్‌లో చెయ్యి పెట్టి ఉంటే తప్ప. కేడీఈ డెస్క్‌టాప్‌లో సిస్టమ్ సెట్టింగ్స్‌లో డిఫాల్ట్ అప్లికేషన్స్, అక్కడ మార్చినా కీ మారకపోతే షార్ట్‌కట్స్‌లో దాని టెర్మినల్ కాన్సోల్ దగ్గర ఆ కీ ఉందేమో చూడండి.

సమస్య: ఐకాన్ నొక్కితే కొత్త టెర్మినల్ తళుక్కుమని మాయమైపోతోంది

ఒట్టి టెర్మినల్ బాగానే తెరుచుకుంటోంది, కాని టెర్మినల్‌లో నడవాల్సిన ఇంకో ప్రోగ్రామ్ నొక్కినప్పుడే ఇలా అవుతోందంటే, ఆ ప్రోగ్రామ్ పేరుని టెర్మినల్‌కి అందించే పద్ధతిలో తేడా ఉంది. ఎక్స్‌టెర్మ్ అనే పాత టెర్మినల్ కాలం నుంచి వచ్చిన అలవాటు -ఈ అని పెట్టి తర్వాత కమాండ్ రాయడం, ఉబుంటుకి మూలమైన డెబియన్ రూల్ కూడా ఎక్స్-టెర్మినల్-ఎమ్యులేటర్ అన్నది దాన్ని అర్థం చేసుకోవాలనే ఉంది. గ్నోమ్ టెర్మినల్ ఆ పద్ధతి వదిలేసి రెండు గీతలు పెట్టమంటోంది, అందుకే దానికి ముందు రేపర్ అని ఒక దుబాసీని కూర్చోబెట్టేరు, పాత మాట విని కొత్త మాటగా చెప్తాది. మీ టెర్మినల్ -ఈ ఒప్పుకోకపోతే మీరూ రెండు లైన్ల షెల్ స్క్రిప్ట్ రాసి, అసలు ప్రోగ్రామ్‌కి బదులు ఆ స్క్రిప్ట్‌నే లిస్టులో చేర్పించాలి.

సమస్య: విండోయే రావట్లేదు, చక్రం తిరిగి ఆగిపోతోంది

కిట్టీ, అలాక్రిట్టీ అక్షరాల్ని గ్రాఫిక్స్ మీద గీస్తాయి, గ్రాఫిక్స్ నడిపే ఓపెన్‌జీఎల్ సరిగా లేని పాత మెషీన్ల మీద మొండికేస్తాయి. అలాంటివాటికి ఎక్స్‌ఎఫ్‌సీఈ టెర్మినల్ గాని ఎక్స్‌టెర్మ్ గాని చాలు, ఫ్యాషన్ ఒగ్గేయండి.

గ్నోమ్ టెర్మినలే రాకపోతే నేను మొదట అడిగేది "పైథాన్ ఏమైనా మార్చేవా బాబూ" అని. ప్రాజెక్ట్ కోసం సిస్టమ్ పైథాన్3ని వేరే వెర్షన్‌కి తిప్పేస్తారు, చాలా ఉబుంటు వెర్షన్లలో గ్నోమ్ టెర్మినల్‌ని స్టార్ట్ చేసేది ఒక పైథాన్ స్క్రిప్టే, అది కుదేలవుతాది. లింకు వెనక్కి తిప్పేయండి, ప్రాజెక్ట్‌కి వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ వాడండి. పైథాన్ కాకపోతే లోకేల్, అంటే భాషా అక్షరాల సెట్టింగ్, యూటీఎఫ్-8 కాని లోకేల్ ఉంటే అది తెరుచుకోదు, సుడో డీపీకేజీ-రీకాన్ఫిగర్ లోకేల్స్ కొట్టి యూటీఎఫ్-8 ఉన్నది ఎంచుకుని లాగౌట్ అవ్వండి. టెర్మినలే లేకుండా ఇదంతా ఎక్కడ కొట్టాలంటే, కంట్రోల్ ఆల్ట్ ఎఫ్3 నొక్కితే నల్ల తెర వస్తాది, అక్కడ లాగిన్ అవ్వొచ్చు, వెనక్కి రావడానికి కంట్రోల్ ఆల్ట్‌తోనే ఎఫ్1 గాని ఎఫ్2 గాని.

సమస్య: టెర్మినల్ మారింది గాని లోపలంతా అదే

సీహెచ్‌ఎస్‌హెచ్ కమాండ్ కొట్టి జెడ్‌షెల్ అనే షెల్ పెట్టుకుని "టెర్మినల్ మార్చేను" అంటారు కొందరు, వేరే కొందరు కిట్టీ దించుకుని ప్రాంప్ట్ మారలేదేటి అంటారు. టెర్మినల్ అంటే విండో, లోపల మీ మాట వినేది షెల్. సీహెచ్‌ఎస్‌హెచ్ షెల్‌నే మారుస్తాది, లాగౌట్ అయ్యి వస్తేనే తెలుస్తాది.

తెలుగు ఫైల్ పేర్లు చీలిపోయి ఒత్తులు పక్కకి పడుతున్నాయని టెర్మినల్ మార్చేవాళ్ళకి ఒక మాట: గ్నోమ్ టెర్మినల్ వరసలో ఏది వేసినా తేడా రాదు, వాటన్నిటి లోపల ఉన్నది వీటీఈ అనే ఒకే లైబ్రరీ, అది ఒక్కో అక్షరాన్ని ఒక్కో గడిలో పెడతాది, మన గుణింతాలు గడుల్లో ఇమడవు. కాన్సోల్ కొంత నయం. ఎంఎల్‌టెర్మ్ అని ఇంకోటుంది, దాన్ని చేసిందే చాలా భాషల లిపుల కోసం, చూడ్డానికి పాతగా ఉంటాది గాని దించి చూసి, ఒత్తులు సరిగా నిలబడితే అప్పుడు పై పద్ధతిలో దాన్ని డిఫాల్ట్ చేసుకోండి.