పిల్లిగద్దలను చూడబోయే ముందు

అక్టోబరు సగం దాటిందంటే హైదరాబాద్ చుట్టూ మిగిలిన బీళ్ళ మీద పిల్లిగద్దలు కనిపిస్తాయి. రెక్కలు కాస్త పైకెత్తి పట్టి, ఇటోసారి అటోసారి ఒరుగుతూ, గడ్డిని వెతుక్కుంటూ నెమ్మదిగా పోతుంటాయి. కొన్ని కజక్‌స్థాన్ గడ్డిభూముల నుంచి వస్తాయి. మార్చి, ఏప్రిల్ నెలల్లో మళ్ళీ వెళ్ళిపోతాయి. ఈ ఐదారు నెలలు మనకు పండగే. కానీ అంత దూరం నుంచి వచ్చిన పక్షికి మన వల్ల ఇబ్బంది కలగకూడదు.

అన్నిటికంటే ముఖ్యం, సాయంత్రం జాగ్రత్త. పిల్లిగద్దలు చెట్ల మీద కాదు, ఏపుగా పెరిగిన గడ్డిలో నేల మీదే పడుకుంటాయి, అదీ గుంపుగా. పొద్దు గుంకే వేళ ఒక్కొక్కటీ వచ్చి, తక్కువ ఎత్తులో చుట్లు కొట్టి, ఉన్నట్టుండి గడ్డిలోకి దిగిపోతాయి. ఒకసారి శంకర్‌పల్లి వైపు నేను ఫోటో కోసం గడ్డిలోకి నడవబోతే గొర్ల కాపరి తాత ఆపాడు: "ఆడికి పోకు బిడ్డా, అవి ఆడనే పంటయ్." నేను వినలేదు. ఇరవై అడుగులు వేశానో లేదో పది పన్నెండు పక్షులు ఒక్కసారిగా లేచాయి. చీకటి పడేదాకా గాల్లోనే తిరిగాయి. మర్నాడు ఎండెక్కాక వెళ్ళి చూస్తే, అవి పడుకునే చోట గడ్డి చేటంత మేర అణిగి ఉంది. పక్కనే అవి కక్కిన ఎండు ఉండలు, వాటి నిండా మిడత కాళ్ళు. ఆ సాయంత్రం మళ్ళీ రెండే వచ్చాయి. ఆ బాధ నాకింకా పోలేదు.

అందుకే బండి రోడ్డు పక్కనే ఆపి, ఇంజన్ ఆపేసి, లోపలే కూర్చుని చూడండి. మనిషి దిగితే బెదిరే పక్షి కారుకు అంతగా బెదరదు. డ్రోన్ వద్దు, టార్చి వద్దు. అవి పడుకునే చోటు లొకేషన్ ఎవరికీ పంపకండి. మంచి మనసుతో పంపినా, వారం తిరిగేసరికి అక్కడ పది కార్లుంటాయి.

పెద్ద గద్దలను, డేగలను చూడాలంటే తొమ్మిది, పది గంటలకు నేల వేడెక్కాక వెళ్ళాలి. వేడిగాలి పైకి లేస్తుంటే రెక్క ఆడించకుండా దాని మీదే తేలుతూ ఎక్కుతాయి. అలా ఎక్కే పక్షిని వెంబడిస్తూ బైనాక్యులర్ సూర్యుడి మీదికి పోనివ్వకండి. క్షణం చాలు, కన్ను పాడవుతుంది. పిల్లలను తీసుకెళ్తే ముందు ఇదే చెప్పండి.

గండిపేట, హిమాయత్‌సాగర్, 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రాంతంగా ప్రకటించిన అమీన్‌పూర్ చెరువు... ఎక్కడైనా నీళ్ళు తగ్గిన ఒడ్డున పైన ఎండినట్టుండి, అడుగున బురద ఉంటుంది. చేపల గద్దను చూస్తూ ముందుకు పోకండి. చలికాలంలోనూ రక్తపింజర తిరుగుతుంది కాబట్టి చీలమండ దాటే బూట్లు వేసుకోండి. దుండిగల్ వైపు వాయుసేన అకాడమీ ఉంది. ఆ ప్రహరీ పక్కన పెద్ద లెన్స్ బయటికి తీయొద్దు.

ఇక సంక్రాంతి. వలస గద్దలు ఇక్కడున్న రోజుల్లోనే ఆకాశం నిండా మాంజా. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే నిషేధించింది, అయినా అమ్ముతూనే ఉన్నారు. మన పిల్లలకు నూలు దారమే కొనిద్దాం. పక్షులు ఎక్కువగా తిరిగే తెల్లవారుజామున, సాయంత్రం పతంగులు ఎగరేయొద్దని చెబుదాం. ఆ వారం బైక్ మీద వెళ్ళేవాళ్ళు మెడకు మందపాటి కండువా చుట్టుకోండి. అదే దారం మన గొంతునూ కోస్తుంది.

మాంజా చుట్టుకున్న గద్ద దొరికితే దారం లాగకండి, లాగే కొద్దీ కండ తెగుతుంది. పక్షికి దూరంగా రెండు వైపులా కత్తిరించండి. ముక్కు కంటే గోళ్ళతో ప్రమాదం ఎక్కువ. తలతో సహా ఒళ్ళంతా కప్పేలా మందపాటి తువ్వాలు వేసి, రెక్కలు ఒంటికి ఆనించి పట్టుకోండి. నోట్లో నీళ్ళు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అట్టపెట్టెలో పెట్టి, చీకటిగా, చప్పుడు లేని చోట ఉంచి, వెంటనే అటవీ శాఖకు ఫోన్ చేయండి. ఇంట్లో ఉంచుకుని సాకడం చట్టరీత్యా నేరం. పెట్టెకు గాలి చిల్లులు మాత్రం పక్షిని లోపల పెట్టకముందే పొడవండి.