ఎలక్ట్రిక్ గిటార్ కేబుల్: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం వైపు ఎలక్ట్రిక్ గిటార్ వాయించే తెలుగువాళ్లలో చాలామంది చర్చి పాటల బృందాల్లోనో, పెళ్లిళ్లకూ దసరా పందిళ్లకూ వెళ్లే ఆర్కెస్ట్రాల్లోనో కనిపిస్తారు. స్వరం చెడగానే వీరి అనుమానం ముందు యాంప్ (శబ్దాన్ని పెంచే యాంప్లిఫయర్) మీదికి, ఆ తర్వాత పికప్ (తీగల కదలికను విద్యుత్ సిగ్నల్‌గా మార్చే గిటార్ భాగం) మీదికి పోతుంది. కేబుల్ గురించి ఆలోచించేది అన్నిటికన్నా చివర. యాంప్‌ను మెకానిక్‌కు ఇచ్చి పదిహేను రోజులు ఎదురుచూసి, తీరా తిరిగి తెచ్చుకున్నాక అదే గరగర మళ్లీ వినిపించిన సందర్భాలు నాకు బాగా తెలుసు. మన ఊళ్లలో ఇంకొక ఇబ్బంది కూడా ఉంది. మంచి కేబుల్ కావాలంటే విజయనగరానికో విశాఖపట్నానికో రైలెక్కాలి, లేదా కొరియర్ వచ్చేదాకా ఆగాలి. అందుకే నా లెక్కలో మంచి కేబుల్ అంటే ఖరీదైనది కాదు. చెడినప్పుడు ప్లగ్ మూత విప్పి, ఇంట్లోనే కూర్చుని బాగుచేసుకోగలిగినది.

ఏ లక్షణం కనిపించినా ముందు చేయవలసిన పని ఒకటే. పెడల్స్ (స్వరాన్ని మార్చడానికి కాలితో నొక్కే పెట్టెలు) అన్నీ పక్కన పెట్టి, గిటార్ నుంచి ఒకే ఒక్క కేబుల్‌ను నేరుగా యాంప్‌కు పెట్టి వినాలి. సమస్య పోతే అది పెడల్స్ దగ్గరో వాటి మధ్య ఉండే పొట్టి కేబుళ్లలోనో ఉందని అర్థం. పోకపోతే, బాగుందని తెలిసిన మరొక కేబుల్ మార్చి చూడాలి. ఒకసారికి ఒక్క వస్తువునే మార్చాలి, ఎందుకంటే రెండు ఒకేసారి మారిస్తే సమస్య పోయినా దేనివల్ల పోయిందో తేలదు.

శబ్దం రాకపోవడం, లేదా వస్తూ పోతూ ఉండడం

గిటార్ కేబుల్‌లో దారులు రెండే. మధ్యలో సన్నని రాగి తీగల కట్ట ఒకటి, దాని చుట్టూ అల్లికగానో చుట్టుగానో ఉండే షీల్డ్ ఒకటి. మధ్య తీగ ప్లగ్ కొనకు, షీల్డ్ ప్లగ్ ఒంటికి అతుకుతాయి. ఈ రెండిట్లో ఏది తెగిందో చెవితోనే చాలావరకు చెప్పవచ్చు. యాంప్ వెలుగుతున్నా మోత కూడా లేకుండా పూర్తి నిశ్శబ్దంగా ఉంటే, మధ్య తీగ షీల్డ్‌కు తగిలి షార్ట్ అయి ఉండవచ్చు. గిటార్ శబ్దం కన్నా గుయ్‌మనే మోతే ఎక్కువగా వస్తుంటే షీల్డ్ తెగింది. కింది స్వరాలు లేకుండా, ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టు పలచగా వినిపిస్తే మధ్య తీగ తెగింది. కేబుల్‌ను ప్లగ్ దగ్గర కదిపినప్పుడల్లా చిటపటలాడుతూ వచ్చిపోతుంటే, ఆ తెగింపు దాదాపుగా ప్లగ్ మెడ దగ్గరే, అంటే వంపు ఎక్కువగా పడే చోటనే ఉంటుంది.

చెవి చెప్పినదాన్ని మల్టీమీటరుతో నిర్ధారించుకోవాలి. మీటరును బీప్ చేసే అమరికలో పెట్టి, ఈ కొన నుంచి ఆ కొనకు, ఈ ఒంటి నుంచి ఆ ఒంటికి చూస్తే రెండుచోట్లా బీప్ రావాలి, కొనకూ ఒంటికీ మధ్య రాకూడదు. ఇంతటితో ఆపకుండా, మీటరును 2 మెగోమ్‌ల అమరికకు మార్చి కొనకూ ఒంటికీ మధ్య మళ్లీ చూడాలి. ఆ సమయంలో మీటరు మొనలను వేళ్లతో పట్టుకోకూడదు. పట్టుకుంటే మన ఒంటి నిరోధమే అంకెగా కనిపిస్తుంది.

ఈ రెండో పరీక్షను ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, ఒక డిసెంబరులో గుణుపురం నుంచి ఒక అబ్బాయి కేబుల్ తెచ్చి, "అన్నయ్యా, కొత్తగా టంకం వేయించాను, అయినా శబ్దం సగమే వస్తోంది, క్రిస్మస్ ఇంకా నాలుగు రోజులే ఉంది" అన్నాడు. బీప్ పరీక్షలో కేబుల్ నిక్షేపంగా ఉంది. మెగోమ్‌ల అమరికలో మాత్రం కొనకూ ఒంటికీ మధ్య ఏమీ చూపకూడని మీటరు కొన్ని వేల ఓమ్‌లు చూపింది. మూత విప్పి చూస్తే మధ్య తీగ తెల్లటి తొడుగు మీద సన్నని నల్ల ప్లాస్టిక్ పొర ఒకటి కొనకు వేసిన టంకం దాకా వచ్చి ఉంది. నాణ్యమైన గిటార్ కేబుళ్లలో చాలావాటికి ఈ నల్ల పొర ఉంటుంది, దానిలో కరెంటు కొద్దిగా ప్రవహిస్తుంది. షీల్డ్‌కు తగిలి ఉండే ఆ పొర ఇటు కొనకు కూడా తగలడంతో స్వరం సగం ప్లగ్ ఒంటిలోకి జారిపోతోంది. బ్లేడుతో ఆ పొరను చుట్టూ గీసి, 5 మిల్లీమీటర్ల మేర వెనక్కి ఒలిచేశాక మీటరులో అంకె మాయమైంది, గిటార్ నిండుగా పలికింది. టంకం వేసిన మనిషికి రేడియోలు, టీవీలు బాగా వచ్చు. ఈ పొర సంగతి ఎవరూ చెప్పకపోతే తెలిసే వీలు లేదు.

తెగిన కేబుల్‌ను బాగుచేసేటప్పుడు ప్లగ్ నుంచి 3 లేదా 4 సెంటీమీటర్ల మేర పాత ముక్కను కోసేసి కొత్త చోటు నుంచి మొదలుపెట్టడం మంచిది, ఎందుకంటే అలసిపోయిన తీగ టంకం నిలిచినా దాని పక్కనే మళ్లీ తెగుతుంది. టంకం పెట్టకముందే మూతనూ, లోపలి ప్లాస్టిక్ గొట్టాన్నీ కేబుల్‌లోకి ఎక్కించుకోవాలి. ఇది మరిచిపోతే వేసిన టంకం అంతా విప్పవలసి వస్తుంది. 25 నుంచి 35 వాట్ల ఐరన్, లోపల రోజిన్ (టంకం బాగా అంటుకునేలా చేసే పదార్థం) ఉన్న 60/40 లేదా 63/37 తగరం-సీసం తీగ సరిపోతాయి. తీగకూ, ప్లగ్ రేకుకూ విడివిడిగా పలచని టంకం పూత వేసుకుని, ఆ తర్వాత రెండింటినీ కలిపి క్షణం పాటు వేడి చేస్తే చాలు. ఎక్కువసేపు ఐరన్ ఆనిస్తే మధ్య తీగ తొడుగు కరిగి లోపల షార్ట్ అవుతుంది. చివరగా ప్లగ్‌లోని పట్టు కేబుల్ పైతోలును గట్టిగా పట్టుకోవాలి. లాగుడు టంకం మీద పడకూడదు, తోలు మీద పడాలి.

కేబుల్ మార్చినా చిటపట పోకపోతే దోషం గిటార్ జాక్‌లో (ప్లగ్ దూర్చే చోట) ఉండవచ్చు. దాని నట్టు వదులై జాక్ మొత్తం తిరుగుతుంటుంది, లోపలి తీగ మెలిపడి తెగుతుంది. నట్టు బిగించేటప్పుడు జాక్ లోపల తిరగకుండా పట్టుకోవాలి. బరంపురం, గోపాలపురం వైపు సముద్రపు గాలికి ప్లగ్ మెరుపు పోయి మసకబారుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో నెలకోసారి తుడిస్తే చాలు. ప్లగ్‌ను గరుకు కాగితంతో రుద్దవద్దు, నికెల్ పూత పోతుంది.

గుయ్‌మనే మోత

మన దేశంలో కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. యాంప్‌లో వినిపించే సన్నని గుయ్ శబ్దం ఆ 50 హెర్ట్జ్‌దో, దాని రెట్టింపైన 100 హెర్ట్జ్‌దో అయి ఉంటుంది. గిటార్ పట్టుకుని నిలబడి మెల్లగా చుట్టూ తిరిగి చూడండి. దిక్కు మారినప్పుడు మోత హెచ్చుతగ్గులైతే అది సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట ఉన్న) పికప్ పట్టుకుంటున్న మోత, దానికి కేబుల్ మార్చి లాభం లేదు. గిటార్ తీగల మీద చేయి పెట్టగానే మోత కొంత తగ్గడం మామూలే. కేబుల్‌ను కదిపినప్పుడు మోత మారితే షీల్డ్‌ను అనుమానించాలి.

పందిళ్లలో ఇంకొక కారణం ఉంటుంది. రంగురంగుల సీరియల్ సెట్ల వైర్లూ, డిమ్మర్ల వైర్లూ వేదిక మీద గిటార్ కేబుల్ పక్కనే కట్టగా పోతుంటాయి. వాటి నుంచి వచ్చేది గుయ్ కాదు, గరుకుగా ఉండే బజ్. కరెంటు వైరును గిటార్ కేబుల్ దాటవలసి వస్తే అడ్డంగా, లంబంగా దాటించాలి కాని పక్కపక్కన నడిపించకూడదు. అల్లిక షీల్డ్ వత్తుగా ఉన్న కేబుల్ ఈ బజ్‌ను బాగా తగ్గిస్తుంది. రేకు షీల్డ్ కూడా అడ్డుకుంటుంది కాని నలగ్గానే చిట్లుతుంది, కనుక అది గోడకు అమర్చి వదిలేసే వైరింగ్‌కే తగినది.

యాంప్ ఒక బోర్డు నుంచి, మిక్సరు ఇంకొక బోర్డు నుంచి కరెంటు తీసుకుంటూ రెండూ సిగ్నల్ కేబుల్‌తో కలిసినప్పుడు ఎర్త్ దారి రెండు వైపులా ఏర్పడి మోత పుడుతుంది. రెండింటినీ ఒకే బోర్డుకు పెట్టండి. కుదరకపోతే ఎర్త్‌ను విడదీసే మీట ఉన్న డీఐ బాక్స్ (సిగ్నల్‌ను మిక్సరుకు తగినట్టు మార్చే పెట్టె) మధ్యలో పెట్టండి. మోత పోతుందని యాంప్ ప్లగ్‌లో ఎర్త్ పిన్ను విరిచేవారిని చూశాను. దయచేసి ఆ పని ఎన్నడూ చేయవద్దు. గిటార్ తీగలు యాంప్ ఎర్త్‌తోనే కలిసి ఉంటాయి. యాంప్‌లో లీకేజీ ఉండి ఎర్త్ లేకపోతే ఆ కరెంటు మీ చేతిలోకి వస్తుంది. పాడుతూ వాయించేవారికి మైక్ పెదవులకు తగలగానే చురుక్కుమంటే వెంటనే వాయించడం ఆపి, మెయిన్ ఆపించి, ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. జనరేటర్ మీద నడిచే కార్యక్రమాలకు భూమిలో ఎర్త్ రాడ్ దిగేశారో లేదో, బోర్డుకు 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరాను ఆపేసే స్విచ్) ఉందో లేదో ముందే అడిగి తెలుసుకోవడం వాయించేవాడి హక్కు.

తొక్కినా తట్టినా చప్పుడు

గిటార్ వాల్యూమ్ పూర్తిగా పెంచి, తీగలను చేత్తో అణచి, కేబుల్‌ను వేలితో తట్టండి. యాంప్‌లో టక్కుమంటే, లోపల షీల్డూ తొడుగూ ఒకదానితో ఒకటి రాసుకుని చిన్న విద్యుత్తు పుడుతోందన్నమాట. పైన చెప్పిన నల్ల పొర ఉండేది దీన్ని అణచడానికే. ఆ పొర లేని చౌక కేబుల్‌ను ఎంత బాగుచేసినా ఈ చప్పుడు పోదు. దాన్ని పారేయనక్కరలేదు, కీబోర్డు నుంచి మిక్సరుకు పెడితే చప్పుడు లేకుండా పనిచేస్తుంది.

స్వరం మొద్దుబారడం

ఇంట్లో గలగలలాడిన గిటార్ వేదిక మీద దుప్పటి కప్పినట్టు వినిపిస్తే, సామాన్యంగా కేబుల్ పొడవే కారణం. ప్రతి మీటరు కేబుల్‌కూ కొంత కెపాసిటెన్స్ (విద్యుదావేశాన్ని నిలుపుకునే గుణం) ఉంటుంది, గిటార్ కేబుళ్లలో అది సుమారు 60 నుంచి 160 పికోఫారడ్‌ల మధ్య ఉంటుంది. పికప్ అంటే వేల చుట్ల రాగి తీగ, దానికి ఇండక్టెన్స్ (కరెంటులో మార్పును అడ్డుకునే గుణం, దీన్ని హెన్రీలలో కొలుస్తారు) ఎక్కువ. ఈ రెండూ కలిసి ఏ ఫ్రీక్వెన్సీ దాకా స్వరం నిలుస్తుందో, ఎక్కడి నుంచి పడిపోతుందో నిర్ణయిస్తాయి. పికప్ 3 హెన్రీలనీ, దాని సొంత కెపాసిటెన్స్ 100 పికోఫారడ్‌లనీ, కేబుల్ మీటరుకు 100 అనీ అనుకుని లెక్క వేస్తే, 3 మీటర్ల కేబుల్‌తో స్వరం పడిపోవడం మొదలయ్యే ముందరి శిఖరం దాదాపు 4600 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. 10 మీటర్ల కేబుల్‌తో 2800 దగ్గరికి దిగుతుంది. గిటార్ మెరుపంతా ఆ మధ్యలోనే ఉంటుంది, కనుక చెవికి ఆ తేడా తెలియకుండా ఉండదు.

పెడల్స్ ముందు 6 మీటర్లు, తర్వాత 6 మీటర్లు, మధ్య ముక్కలు కలిపితే 13 మీటర్లు దాటుతుంది. పెడల్స్ అన్నీ ట్రూ బైపాస్‌వైతే (ఆపినప్పుడు సిగ్నల్‌ను నేరుగా దాటించేవైతే) అవి ఆపి ఉన్నప్పుడు ఆ పొడవంతా పికప్ మీదే పడుతుంది. వరుసలో మొదట బఫర్ (కేబుల్ భారం పికప్ మీద పడకుండా ఆపే చిన్న సర్క్యూట్) ఉన్న పెడల్ ఒకటి పెట్టండి. చాలా ట్యూనర్లలో బఫర్ ఉంటుంది. దాని తర్వాత పొడవు పెద్దగా బాధించదు. బఫర్ పెట్టగానే తేటపడితే కేబులే కారణమని రుజువైనట్టే. గిటార్ వాల్యూమ్ తగ్గించినప్పుడు మాత్రమే మొద్దుబారుతుంటే కేబుల్‌తో పాటు వాల్యూమ్ పాట్ (వాల్యూమ్ నాబ్ కింద ఉండే నిరోధకం) కూడా కారణం. దాని మీద చిన్న కెపాసిటర్ ఒకటి అతికిస్తే సర్దుకుంటుంది. నా సలహా: ఇంట్లో 3 మీటర్లు, వేదికకు 6 మీటర్లు, అంతకు మించితే బఫర్. గిటార్ మరీ కీచుమంటోందనుకునేవారికి పొడుగు కేబులే నచ్చవచ్చు, అందులో తప్పేమీ లేదు.

యాంప్ హెడ్‌కూ (స్పీకర్ లేని యాంప్) క్యాబినెట్‌కూ (స్పీకర్ పెట్టె) మధ్య

రెండు ప్లగ్‌లూ 6.35 మిల్లీమీటర్లవే కనుక గిటార్ కేబుల్ స్పీకర్‌కు కూడా సరిపోతుందని కొందరు పెడతారు. స్పీకర్‌కు వెళ్లేది పెద్ద కరెంటు. గిటార్ కేబుల్ మధ్య తీగ దానికి చాలదు, వేడెక్కుతుంది. అది తెగితే ట్యూబ్ యాంప్‌లో (గాజు వాల్వులతో నడిచే యాంప్‌లో) ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. స్పీకర్ కేబుల్‌ను గిటార్‌కు పెడితే షీల్డ్ లేక మోతే వినిపిస్తుంది. రెండింటికీ వేర్వేరు రంగు టేపు చుట్టి ఉంచుకోండి.

కొనేటప్పుడు

ముందు ప్లగ్ మూత తిప్పి చూడండి. విప్పడానికి రాకుండా ప్లాస్టిక్‌తో పోతపోసిన ప్లగ్ ఉన్న కేబుల్‌ను, తోలు ఎంత అందంగా ఉన్నా, నేను కొనను. మూత లోపల టంకం మెరుస్తూ నున్నగా ఉండాలి, పట్టు కేబుల్ తోలును బిగించి ఉండాలి. న్యూట్రిక్, స్విచ్‌క్రాఫ్ట్, ఆంఫినాల్ ప్లగ్‌లు విడిగా దొరుకుతాయి. మొగామి, కనారే వంటి కేబుళ్లను మీటర్ల లెక్కన తెప్పించుకుని మనమే ప్లగ్‌లు వేసుకోవచ్చు. బంగారు పూత తుప్పు పట్టదు కాని రోజూ పెట్టి తీస్తే అరుగుతుంది, దానికోసం అదనంగా డబ్బు పెట్టనక్కరలేదు. కేబుల్‌ను విప్పి నేల మీద పరిస్తే చుట్లుచుట్లుగా లేవకుండా పడి ఉండాలి. మోచేతికీ బొటనవేలికీ మధ్య తాడులా చుట్టే అలవాటు మంచి కేబుల్‌ను కూడా మెలిపెడుతుంది. అది సహజంగా పడే చుట్టలోనే పెద్ద వలయాలుగా చుట్టాలి. వాయించేటప్పుడు బెల్టు మీదుగా ఒక మెలిక వేసి జాక్‌లో పెట్టుకుంటే, ఎవరి కాలైనా తగిలినా లాగుడు ప్లగ్ మీద పడదు.

మీ మల్టీమీటరులో కెపాసిటెన్స్ కొలిచే అమరిక ఉంటే దాన్ని దుకాణానికి తీసుకువెళ్లండి. కేబుల్ రెండు చివరలూ దేనికీ పెట్టకుండా, ఒక ప్లగ్ కొనకూ ఒంటికీ మధ్య కొలిచి, వచ్చిన అంకెను మీటర్లతో భాగించండి. 6 మీటర్ల కేబుల్ 0.6 నానోఫారడ్ (అంటే 600 పికోఫారడ్‌లు) చూపితే మీటరుకు 100 పికోఫారడ్‌లు. అదే పొడవు కేబుల్ 1.2 చూపితే అది మీటరుకు 200, గిటార్‌కు వద్దని చెప్పి మరొకటి తీయమనండి.