ఔటర్ అవతల ఊళ్లో ప్లాట్ కొనాలనుకుంటే ముందు ఊరిని ఇలా చూడండి

మాది హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు దాటాక షాద్‌నగర్ వైపు వచ్చే ఒక చిన్న ఊరు. పన్నెండేళ్లు సిటీలో అద్దెకుండి ఇక్కడ ఇల్లు కట్టుకున్నాం, వచ్చి ఆరేళ్లయింది. అప్పట్నుంచి చుట్టాలూ పాత ఆఫీసు వాళ్లూ నెలకొకరైనా ఫోన్ చేసి ఒకటే అడుగుతారు, మీ వైపు గజం ఎంతుంది, ఇప్పుడు తీసుకుంటే పెరుగుతుందా అని. వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నా. గజం రేటు చివర్లో అడగండి. ముందు ఆ ఊళ్లో జనం ఎలా బతుకుతున్నారో చూడండి, ఎందుకంటే రేపు మీ దగ్గర కొనేవాళ్లు అక్కడ ఉండటానికి రాకపోతే ఆ రేటు కాగితం మీదే ఉంటుంది.

మొదటిసారి వెంచర్ వాళ్ల (భూమిని ప్లాట్లుగా చేసి అమ్మేవాళ్ల) కారులో వెళ్లొద్దు. ఆదివారం పొద్దున తీసుకెళ్లి, మంచి రోడ్డు మీదుగా తిప్పి, భోజనం పెట్టి, సాయంత్రానికల్లా బయానా (అడ్వాన్సు) రాయించుకుంటారు. మీరే బస్సులోనో బైక్ మీదో వెళ్లండి, అదీ మూడుసార్లు. ఒకసారి పెద్ద వాన పడ్డ మర్నాడు వెళ్తే నీళ్లు ఎటు నుంచి వచ్చి ఎక్కడ నిలుస్తాయో కళ్లతో చూస్తారు. ఇంకోసారి మే నెలలో వెళ్లి చుట్టుపక్కల బోర్లు ఎన్ని అడుగులు దింపారో, ఎండాకాలం పోస్తున్నాయో లేదో, మిషన్ భగీరథ నీళ్లు రోజూ వస్తున్నాయో రోజు విడిచి రోజు వస్తున్నాయో ఇళ్ల వాళ్లను అడగండి. మూడోసారి రాత్రి తొమ్మిదికి వెళ్లాలి, ఇది చాలామంది చేయరు. ఆ ఊరి దగ్గర పదేళ్ల కిందట వేసిన వెంచర్ ఒకటి తప్పకుండా ఉంటుంది, దాని ముందు నిలబడి ఎన్ని ఇళ్లలో లైట్లు వెలుగుతున్నాయో లెక్కపెట్టండి. మా పక్క వెంచర్‌లో నాలుగు. అక్కడ ప్లాట్లు మూడు నాలుగు చేతులు మారాయి, రేటు పెరిగింది కూడా, కానీ ఉండటానికి వచ్చినవాళ్లు ఆ నలుగురే, అందుకే ఇప్పుడు అర్జెంటుగా డబ్బు కావాల్సి అమ్ముదామన్నా నెలల తరబడి ఎవరూ రావట్లేదు. ఊళ్లో గది అద్దె ఎంతుందో కూడా కనుక్కోండి, పక్క కంపెనీల్లో పనిచేసే వాళ్లు వచ్చి అద్దెకు ఉంటున్నారంటే ఆ ఊరికి నిజంగా గిరాకీ ఉన్నట్టు.

తర్వాత టీ హోటల్ దగ్గర కూర్చొని పెద్దవాళ్లతో మాట్లాడండి. "పెద్దాయనా, ఆ భూమిని ఊళ్లో ఏమని పిలుస్తరు?" అని అడగండి చాలు. ప్రతి చేనుకూ ఒక పేరుంటుంది, కుంట కింది పొలమనో, చౌడు చెల్క అనో, ఆ పేరులోనే నీటి సంగతీ నేల సంగతీ తెలిసిపోతాయి. పాత పహాణీల్లో (రెవెన్యూ వాళ్ల సాగు రికార్డుల్లో) అది తరి, అంటే మాగాణి, అని ఉందో ఖుష్కి, అంటే మెట్ట, అని ఉందో చూసినా కొంత అర్థమవుతుంది. గ్రామ నక్షాలో (మ్యాపులో) బండ్ల బాట, వాగు, కుంట ఎక్కడెక్కడ ఉన్నాయో చూసుకోండి. చెరువైతే ఎఫ్‌టీఎల్ హద్దు (చెరువు నిండితే నీళ్లు చేరే చోటు) నుంచి ఇంకా బఫర్, అంటే ఏమీ కట్టకూడని ఖాళీ జాగా, వదలాలి, 25 ఎకరాలు దాటిన చెరువుకు 30 మీటర్లు, అంతకన్నా చిన్న కుంటలకు 9 మీటర్లు. ఎండాకాలంలో కుంట ఆనవాలు కూడా కనపడదు, అందుకే పెద్దవాళ్ల మాట వినమంటున్నా.

ఇక కాగితాలు. గ్రామ పంచాయతీ లేఅవుట్ అంటే వదిలేయండి, లేఅవుట్‌కు అనుమతి ఇచ్చేది హెచ్ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ), దాని పరిధి దాటితే డీటీసీపీ (పట్టణ, గ్రామ ప్రణాళిక శాఖ). అనుమతి లేని లేఅవుట్లలో ప్లాట్ల రిజిస్ట్రేషన్లు 2020 ఆగస్టు 26న ఆపేశారు, కాబట్టి ఎవరైనా పాత ప్లాట్ అమ్ముతుంటే ఎల్ఆర్ఎస్ (లేఅవుట్ క్రమబద్ధీకరణ) దరఖాస్తు పెట్టారా, ఫీజు కట్టారా అడగండి. వెంచర్ 500 చదరపు మీటర్లు దాటినా, ఎనిమిది ప్లాట్లు దాటినా రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు ఉండాల్సిందే, ఆ నంబరు బ్రోచర్‌లో చూసి సరిపెట్టుకోకుండా రెరా వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి. హెచ్ఎండీఏ వాళ్లు 15 శాతం ప్లాట్లు తనఖా పెట్టుకుంటారు, రోడ్లూ డ్రైనేజీ పూర్తయి ఫైనల్ లేఅవుట్ వచ్చాకే వదులుతారు, మీకు చూపించిన ప్లాట్ నంబరు ఆ తనఖాలో ఉందేమో చూడాలి. అసైన్డ్, లావుణి పట్టా (రెండూ ప్రభుత్వం పేదలకు ఇచ్చినవి), వక్ఫ్, దేవాదాయ, భూదాన్ భూములు తక్కువ రేటుకు చూపిస్తారు, అలాంటివి అసలు ముట్టుకోవద్దు. సర్వే నంబరు నిషేధిత జాబితాలో ఉందో లేదో ఆన్‌లైన్‌లోనే చూడొచ్చు.

ఫామ్ ప్లాట్ల గురించి గట్టిగా చెప్పాలి. ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 గజాలు, ఐదు గుంటలంటే 605 గజాలు అని చెప్పి, మామిడి మొక్కలు నాటి, ఇంటి స్థలంలా అమ్ముతున్నారు. అది వ్యవసాయ భూమే. ఇల్లు కట్టడానికి అనుమతి రాదు, బ్యాంకు హోమ్ లోన్ ఇవ్వదు, లోపలి రోడ్డు ఎవరి పేరు మీద ఉందో ఎవరూ చెప్పరు. రిటైరైన డబ్బంతా దీంట్లో పెట్టిన వాళ్లను చూశాను, చాలా బాధగా ఉంటుంది.

మేము ఇక్కడికి రాకముందు వేరే ఊళ్లో ఒక ప్లాట్‌కు బయానా ఇచ్చాం. ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే కాగితం) క్లీన్‌గా ఉంది, లింక్ డాక్యుమెంట్లు (పాత అమ్మకాల పత్రాలు) ఉన్నాయి, లాయర్ కూడా సరే అన్నాడు. నెల తిరక్కముందే అమ్మిన అన్నదమ్ముల అక్క కోర్టుకు వెళ్లింది, తన వాటా అడక్కుండా అమ్మారని. ఆమె అడిగింది న్యాయమే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986 సవరణతోనే అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో హక్కు వచ్చింది, 2005లో దేశమంతా వచ్చింది. మా డబ్బు తిరిగి రావడానికి ఏడాదిన్నర పట్టింది, ఆ టెన్షన్ ఇంట్లో అందరూ పడ్డాం. అందుకే ఆ భూమి మొదట ఎవరిది, ఆయనకు ఎంతమంది పిల్లలు అని ఊళ్లో అడిగి ఒక కాగితం మీద రాసుకొని, అందరి సంతకాలూ, ముఖ్యంగా ఆడబిడ్డల సంతకాలు, ఉన్నాయో లేదో మీరే సరిచూసుకోండి. ఈసీలో ఇది కనపడదు.

రేట్లు పెరుగుతాయా అంటే, వచ్చినదానికీ వస్తుందన్నదానికీ తేడా చూడాలి. 158 కిలోమీటర్ల ఔటర్ కట్టేశారు, దాని మీద రోజూ తిరుగుతున్నాం. ఔటర్‌కు అవతల ఇంకో రింగుగా వస్తుందంటున్న రీజినల్ రింగ్ రోడ్డు, ట్రిపుల్ ఆర్ అంటారు, ఆ పేరు చెప్పి అమ్మేవాళ్లు ఊరూరా ఉన్నారు. రోడ్డుకు దగ్గర అనగానే మురిసిపోకుండా మీ సర్వే నంబరు ఆ రోడ్డు అలైన్‌మెంట్‌లోనే పోతుందేమో తహసీల్దార్ ఆఫీసులో అడగండి. మొయినాబాద్, శంకర్‌పల్లి వైపు 84 ఊళ్లకు 1996లో 111 జీవో పెట్టారు, జంట జలాశయాలను కాపాడటానికి కట్టడాల మీద ఆంక్షలు అవి, ఎత్తేస్తారన్న ఆశతో ఏళ్ల తరబడి కాచుకున్న కుటుంబాలు ఉన్నాయి. నేనైతే ఏ ప్రకటనా నిజం కాకపోయినా ఈ రేటుకు ఇక్కడ ఉండగలనా అని లెక్క వేసుకొనే కొన్నాను. రిజిస్ట్రేషన్ ఖర్చు 7.5 శాతం కూడా ఆ లెక్కలో వేసుకోండి, దాంతోపాటు బోరు, ప్రహరీ, కరెంటు స్తంభాలు.

ఉండటానికి వస్తే చివరి బస్సు ఎన్నింటికో, స్కూల్ బస్సు ఊళ్లోకి వస్తుందో రోడ్డు మీదే ఆగుతుందో, రాత్రి గుండె నొప్పి వస్తే ఎక్కడికి వెళ్లాలో ముందే తెలుసుకోండి. కోళ్ల ఫారం వాసన గాలి మారినప్పుడే తెలుస్తుంది. కోతుల వల్ల మేము కూరగాయల మడి మానేశాం. ఇవన్నీ ఉన్నా మా అమ్మ ఇక్కడికొచ్చాకే హాయిగా నిద్రపోతోంది, పిల్లలు బతుకమ్మకు ఊరి పిల్లలతో కలిసి తంగేడు పూలు తెస్తున్నారు.

ఆ భూమి మీద బతికిన మనుషులతో మర్యాదగా ఉండండి. మా వెంచర్ వాచ్‌మన్ ఒకప్పుడు అదే నేలలో జొన్న వేసిన రైతు, ఆయన్ని మేము మామా అని పిలుస్తాం. పశువులు వెళ్లే బాటకు అడ్డంగా ప్రహరీ కట్టొద్దు, ఇంటి పన్ను పంచాయతీలో టైముకు కట్టండి.

కొన్న వారంలోపే సర్వేయర్‌తో కొలిపించి నాలుగు మూలలా కడీలు (హద్దు రాళ్లు) పాతించండి, ప్లాట్ నంబరు కనపడేలా రాసి ఫొటోలు తీసి పెట్టుకోండి. విదేశాల్లో ఉంటే ఊళ్లో నమ్మకస్తులకు ఆ నంబరు చెప్పి, మూడు నెలలకోసారి ఒక ఫొటో పంపమనండి, ఏడాదికోసారి కొత్త ఈసీ తీయండి.